పదకొండు సీసాల సంచి

రాత్రి వంటగది సర్దేసరికి పదిన్నర అయ్యేది. ఆ తర్వాత అద్దం ముందు మరో 40 నిమిషాలు. ఫేస్‌వాష్, టోనర్, శాలిసిలిక్ యాసిడ్, అది ఆరేదాకా ఆగడం, నియాసినమైడ్, మళ్లీ ఆగడం, ఆపైన రెండు రకాల క్రీములు. ఆదివారం శనగపిండి, పసుపు, నిమ్మరసం కలిపిన పట్టు. ముప్పై రెండేళ్లు వచ్చినా గడ్డం చుట్టూ మొటిమలు తగ్గకపోతే ఎవరేది చెప్పినా రాసుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు మామూలు నీళ్లతో కడుక్కున్నా చెంపలు భగ్గుమన్నాయి. చెమట పట్టినా మంటే. విజయవాడ ఎండల్లో చెమట పట్టకుండా ఉండడం ఎవరి తరం?

చర్మవ్యాధుల డాక్టరుగారు నేను వాడుతున్నవన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు. బల్ల మీద పేరిస్తే పదకొండు. ముందుగా ఒక ట్యూబును పక్కకు తీశారు. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చిన క్రీమ్ అది. అందులో స్టెరాయిడ్ ఉంది. మొదట్లో మొటిమలు అణిగినట్లే ఉంటాయి, వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది, మానితే మరింత ఎర్రగా తిరగబెడతాయి. దాన్ని మెల్లమెల్లగా మాన్పించారు. నిమ్మరసం వద్దన్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. అది అమ్మ నేర్పిన పట్టు. కానీ చర్మం పీహెచ్, అంటే ఆమ్లతను కొలిచే అంకె, సుమారు 5, నిమ్మరసానిది సుమారు 2. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది. అంటే దాదాపు వెయ్యి రెట్ల పులుపును ప్రతి ఆదివారం పుండు మీద పోశాను.

నెల రోజులు మూడే వస్తువులు: ఘాటులేని ఫేస్‌వాష్, సువాసన లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. మన చాయ చర్మంలో మొటిమ మానినా నల్లమచ్చ నిలిచిపోతుంది, ఎండ తగిలితే అది ఇంకా ముదురుతుంది.

మంట తగ్గాక రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్ ఇచ్చారు. మొదట వారానికి రెండు రాత్రులే, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, పలచగా అంతటా పరచాలి. అది రంధ్రాలు పూడుకుపోకుండా చూసే మందు. గర్భం కోసం చూస్తున్నారా అని ముందే అడిగారు, అలాంటివారికి ఇవ్వరు.

మూడో వారంలో కొత్త మొటిమలు పొడుచుకొచ్చాయి. "ఆ మందు నీకు పడలేదమ్మా, సున్నిపిండి రుద్దుకో" అన్నారు మా అత్తగారు, నా ముఖం చూడలేక. ఆ రాత్రి పాత సంచి విప్పాను కూడా. పదకొండు రకాలు రాసుకోవడం ఇంత కష్టంగా ఎన్నడూ లేదు; ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు చేయవలసింది ఎదురుచూడడమే. ఫలితం కనబడడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందని డాక్టరుగారు రాసిచ్చిన చీటీని అద్దానికి అంటించి, సంచి మూతి కట్టేశాను.

పదో వారంలో గడ్డం కింద తడిమితే గట్టి గడ్డ ఒక్కటీ తగల్లేదు. మచ్చలు ఇంకా ఉన్నాయి. నెలసరికి ముందు ఒకటో రెండో మొటిమలు వస్తాయి, వాటిని గిల్లడం లేదు. పదిన్నరకు వంటగది సర్దిన ఐదు నిమిషాలకే ఇప్పుడు దీపం ఆర్పేస్తున్నాను.