పిచ్చుక 0.9: గడియారం చేతిలో 37 ఓటములు

మే 4

పిచ్చుక నేను రాస్తున్న ఇంజన్, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాం. మంచి కబురు ముందు చెప్పేస్తాను. కొత్త ఎల్ఎంఆర్ సూత్రం (జాబితాలో వెనుక ఉన్న ఎత్తులను తక్కువ లోతుకు వెతకడం) 0, 5 హద్దులతో పెట్టిన ఎస్‌పీఆర్‌టీలో, అంటే పాత, కొత్త వెర్షన్లను తేడా తేలేదాకా ఆడించే పరీక్షలో, 11,240 ఆటల దగ్గర ఎల్ఎల్ఆర్ (రుజువు ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 2.95కు చేరి నెగ్గింది. మిగిలినదంతా చిరాకే.

ఇలా తన పాత వెర్షన్‌తోనే ఆడే సొంత మ్యాచ్‌లో వచ్చే ఎలో (ఆట బలాన్ని కొలిచే అంకె) ఎప్పుడూ కొంత ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి, ఒక మార్పు నెగ్గిన తరువాత పిచ్చుకను బయటి ఇంజన్ల మీదికి వదలడం నా అలవాటు. ఈసారి స్టాక్‌ఫిష్ 11, ఈథీరియల్ 12, జైఫోస్ 0.6లతో 800 చొప్పున మొత్తం 2,400 ఆటలు పెట్టాను. సమయం 10+0.1 (ఆటకు 10 సెకన్లు, ఎత్తుకు మరో 0.1), ఇంజన్‌కు ఒక థ్రెడ్, 64 ఎంబీ హ్యాష్ (చూసిన స్థానాలను గుర్తుంచుకునే మెమరీ), 8 కోర్ల రైజెన్ 5700ఎక్స్ మీద ఒకేసారి 6 ఆటలు. స్టాక్‌ఫిష్‌లో ఇంత పాత వెర్షన్ ఎందుకని అడిగేవారుంటారు. 2020 సెప్టెంబరులో 12వ వెర్షన్‌తో అందులోకి న్యూరల్ నెట్ వచ్చింది, అప్పటి నుంచి దానితో నా ఇంజన్‌ను ఆడించడమంటే అక్షరాలా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. దానికి ముందటి 11 నా స్థాయికి సరిజోడు.

మూడున్నర గంటల్లో మ్యాచ్ ముగిసింది. ఆటలన్నీ రాసి ఉండే పీజీఎన్ ఫైలులో సమయం మించి ఓడిన ఆటలను వెతికితే 38 తేలాయి. వాటిలో ప్రత్యర్థులు ముగ్గురిదీ కలిపి ఒక్కటి, స్టాక్‌ఫిష్‌ది ఒక్కటీ లేదు, మిగిలిన 37 పిచ్చుకవే. ఆయా ఆటల్లో ఇంజన్ చివరగా రాసుకున్న స్కోర్లను బట్టి 22 డ్రా కావలసినవి, 9 గెలవవలసినవి, 6 ఎలాగూ పోయేవి. అంటే 20 పాయింట్లు, దాదాపు 6 ఎలో, గడియారానికి సమర్పించుకున్నాను. 2,400 ఆటల మ్యాచ్‌లో పొరపాటు హద్దే ±11 ఎలో ఉంటుంది కనుక, ఫలితం పట్టిక ఒక్కటే చూసి ఉంటే ఈ 6 నా కంటికి ఆనేదే కాదు. ఇంతకు ముందు ఎన్ని గాంట్లెట్లలో (బయటి ఇంజన్లతో పెట్టే ఇలాంటి మ్యాచ్‌లలో) ఇలా జరిగిందో అన్న అనుమానం అప్పుడే మొదలైంది.

మించిన సమయం కనిష్ఠం 12 మిల్లీసెకన్లు, మధ్యస్థం 140, గరిష్ఠం 610. ఏప్రిల్ నెలంతా పిచ్చుక తనతో తాను ఆడుకున్న 40,000 ఆటల్లో ఇలాంటిది ఒక్కటి కూడా లేదు.

మే 11

చెన్నై వేళచ్చేరిలో ఈ వారం నా గది మధ్యాహ్నం పూట 36 డిగ్రీలకు తగ్గలేదు. రోహిణి కార్తె ఇంకా రానే లేదు, కత్తిరి ఎండలకే ఇలా ఉంది. కాబట్టి తొలి అనుమానం వేడి మీదికే పోయింది. ప్రాసెసర్ వేడిని, కోర్ల వేగాన్ని సెకనుకొకసారి ఫైలులోకి రాయించి, అదే మ్యాచ్‌ను పగలు ఏసీ లేకుండా 600 ఆటలు, రాత్రి ఏసీని 25లో పెట్టి 600 ఆటలు ఆడించాను. పగలు వేడి 84 డిగ్రీల వరకు పోయింది, రాత్రి 71 దాటలేదు. సమయం మించిన ఓటములు పగలు 9, రాత్రి 10. వేడి నిర్దోషి.

రెండవ అనుమానం ఒకేసారి నడిచే ఆటల సంఖ్య మీద. ఆరింటిని మూడుకు తగ్గించి 400 ఆటలు ఆడిస్తే 5 ఓటములు వచ్చాయి. 1.5 శాతం నుంచి 1.25 శాతానికి వచ్చిన ఈ తేడాను ఇన్ని తక్కువ ఆటలతో తగ్గుదల అనలేము. ఒక్కో ఇంజన్‌ను ఒక్కో కోర్‌కు కట్టివేసినా మార్పు లేదు. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఇచ్చే ఇంటెల్ ప్రాసెసర్లను ఇంజన్ మ్యాచ్‌ల కోసం కొనవద్దని నేను అందరికీ చెబుతుంటాను. ఏ ఇంజన్‌కు ఏ కోర్ దొరికిందో తెలియని మ్యాచ్‌లో ఎలో లెక్కకు అర్థం ఉండదు. కానీ ఇక్కడ ఎనిమిది కోర్లూ ఒకే రకానివి కాబట్టి ఆ సాకు కూడా నాకు లేదు.

మూడవది మూవ్ ఓవర్‌హెడ్, అంటే ఆలస్యాల కోసం ఇంజన్ ఎత్తుకింత అని పక్కన పెట్టుకునే సమయం. 10 మిల్లీసెకన్లను 50 చేస్తే 600 ఆటలకు 6 ఓటములు, 100 చేస్తే 4. తగ్గుతున్నాయి గాని పోవడం లేదు. పైగా ఎత్తుకు 0.1 సెకను మాత్రమే వచ్చే ఆటలో ఎత్తుకు 100 మిల్లీసెకన్లు పక్కన పెట్టడమంటే, తలనొప్పి తగ్గడానికి తల తీసేసుకోవడమే. మ్యాచ్ నడిపే క్యూట్‌చెస్ ప్రోగ్రాంలో టైమ్ మార్జిన్ (సమయం మించినా ఓటమి అనని వెసులుబాటు) పెంచి చూసీ చూడనట్టు పోవచ్చు. ఆ సలహా నాకు నచ్చదు, ఎందుకంటే గడియారాన్ని సరిగ్గా వాడుకోవడం కూడా ఇంజన్ బలంలో భాగమే.

అర్ధరాత్రి దాటాక అమ్మ గదిలోకి తొంగిచూసి, "నిద్ర లేనిది నీకా, ఆ పెట్టెకా?" అని అడిగింది. రెండింటికీ లేదన్నాను.

మే 18

దొరికింది, సగం.

లెక్కలన్నీ పక్కన పెట్టి, ఓడిన ఆటల్లో ఒకదాన్ని బోర్డు మీద ఎత్తు ఎత్తుగా నడిపించాను. రెండు వైపులా చెరొక రూక్, నాకు మూడు బంట్లు, అవతల రెండు, మొత్తం 9 పావులు. తరువాతి ఆటలోనూ రూక్‌ల ముగింపే, 8 పావులు. మూడవదాంట్లో 7. ఇక బోర్డు మూసేసి 37 ఆటల్లోనూ చివరి స్థానంలోని పావులను స్క్రిప్టుతో లెక్కపెట్టించాను. 7 నుంచి 9 పావులు ఉన్నవి 31, సరిగ్గా ఆరు పావులు ఉన్నవి 6. పది దాటినది ఒక్కటీ లేదు. మొదటి రోజే చేయవలసిన పనిని ఇంజన్ స్కోర్లు చూసి సరిపెట్టుకుని రెండు వారాలు వాయిదా వేశానన్నమాట.

పావులు ఇలా ఆరు చుట్టూ గుమిగూడితే టేబుల్‌బేస్‌లు (కొద్ది పావుల ముగింపులకు కచ్చితమైన ఫలితాలు ముందే లెక్కగట్టి ఉంచిన ఫైళ్లు) తప్ప మరొకటి గుర్తుకు రాదు. రోనాల్డ్ డి మాన్ 2013లో తెచ్చిన సిజిజీ ఫైళ్లలో ఆరు పావుల వరకు ఉన్నవి కలిపి సుమారు 150 జీబీ. ఎస్ఎస్‌డిలో చోటు లేక వాటిని ఫిబ్రవరిలో యూఎస్‌బీకి తగిలించే 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌లో పెట్టాను. సొంత మ్యాచ్‌లకు టేబుల్‌బేస్‌లు ఇవ్వను, గాంట్లెట్‌కే ఇస్తాను. ఏప్రిల్‌లోని ఆ 40,000 ఆటలు ఎందుకు శుభ్రంగా ఉన్నాయో దీనితో తేలిపోయింది.

కానీ స్టాక్‌ఫిష్ కూడా అదే డిస్క్‌లోని అవే ఫైళ్లను చదువుతోంది కదా, దానికి ఎందుకు సమయం మించడం లేదు? నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టిన ప్రశ్న ఇదే. పిచ్చుక 4,096 నోడ్లకొకసారి (సెర్చ్‌లో చూసే ఒక్కో స్థానం ఒక నోడ్) గడియారం చూస్తుంది. మామూలుగా సెకనుకు 11 లక్షల నోడ్లు నడుస్తాయి కనుక అది 4 మిల్లీసెకన్ల కన్నా తక్కువ వ్యవధి, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. అయితే బోర్డు మీద 8 పావులు ఉన్నప్పుడు సెర్చ్‌లో రెండు పావులు చంపుకోగానే ఆరు పావుల స్థానం వస్తుంది, దాని ఫలితం కోసం గెలుపా, డ్రానా, ఓటమా అని చెప్పే డబ్ల్యూడీఎల్ ఫైలు తెరవాలి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. తల కదిలే సమయం కూడా కలిపి ఒక్క చదువుకు నేను కొలిచినది సగటున 16. ఆరు ఆటల్లోని ఇంజన్లు ఒకే డిస్క్ ముందు రేషన్ దుకాణం వరుసలా నిలబడితే ఇంకా ఎక్కువ. 32 జీబీ మెమరీలో ఈ ఫైళ్లు పట్టవు. అలాంటి ఘడియల్లో పిచ్చుక వేగం సెకనుకు 20 వేల నోడ్లకు పడిపోయింది. ఆ వేగంతో 4,096 నోడ్లంటే 205 మిల్లీసెకన్లు. గడియారంలో మిగిలినదే 300 ఉన్నప్పుడు నా ఇంజన్ 205 మిల్లీసెకన్ల పాటు గడియారం వైపే చూడటం లేదు!

స్టాక్‌ఫిష్ కోడ్ తెరిచి చూస్తే, టేబుల్‌బేస్‌ను అడిగిన వెంటనే గడియారం చూడటానికి ఇంకా మిగిలిన నోడ్ల లెక్కింపును సున్నా చేసే పంక్తి ఉంది, వీలైన తొలి క్షణంలో గడియారం చూడమని పక్కన వ్యాఖ్య కూడా ఉంది. దాన్ని నేను ఎన్నిసార్లు చదివి ఉంటానో. కారణం మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

అదే పద్ధతిని పిచ్చుకలో పెట్టి, పాత డేటాబేస్‌లు తీసేసి ఎస్ఎస్‌డిలో చోటు చేసి, 68 జీబీ ఉన్న డబ్ల్యూడీఎల్ ఫైళ్లను అందులోకి మార్చాను. ఆ ఫలితానికి దారి చూపే డీటీజెడ్ ఫైళ్లు మరో 82 జీబీ, వాటికి చోటు చాలలేదు. సెర్చ్‌లో వాటి అవసరం లేదు, రూట్‌లో, అంటే బోర్డు మీదనే, ఆరు పావులు మిగిలినప్పుడే చదువుతాము కాబట్టి హార్డ్‌డిస్క్‌లోనే వదిలేశాను. మళ్లీ 2,400 ఆటలు: 37 ఓటములు 2కు వచ్చాయి. ఆ రెండూ ఆరు పావుల స్థానాలే. ఉత్సాహం ఆగక ఆ రాత్రే 60+0.6తో 600 ఆటలు మొదలుపెట్టి పడుకున్నాను.

పొద్దున చూస్తే 3 ఓటములు. గడియారం ఆరు రెట్లు పెరిగితే మాయం కావలసినవి ఇంకా పెరిగాయి. అది కూడా మిల్లీసెకన్లతో కాదు: 1.9 సెకన్లు, 2.4 సెకన్లు, 3.7 సెకన్లు.

మే 25

ఈ మూడింటికి నేను మొదట వేసిన ఊహలు మూడూ తప్పే: కరెంటు వోల్టేజి, రాత్రి నడిచే బ్యాకప్, హ్యాష్ శుభ్రం చేయడంలో ఆలస్యం. బ్యాకప్ ఆపేసి చూసినా మరుసటి రాత్రి 2 వచ్చాయి.

గురువారం రాత్రి ఒకటిన్నరకు తెర ముందే కూర్చున్నాను. ఒక ఆటలో ఆరు పావులు మిగిలాయి, పిచ్చుక ఎత్తు. ప్రాసెస్‌ల పట్టికలో దాని పక్కన 'డి' అని పడింది, అంటే డిస్క్ కోసం ఎదురుచూస్తోందని అర్థం, ప్రాసెసర్ వాడకం సున్నా. అలమరలో ఉన్న హార్డ్‌డిస్క్ మీద చేయి వేశాను. చల్లగా, కదలిక లేకుండా ఉంది. అంతలో అరచేతి కింద టిక్కుమని చిన్న అదురు, ఆపైన మెల్లగా పెరిగే గిర్రుమనే చప్పుడు. అది పూర్తి వేగం అందుకునేలోపే సమయం మించిందన్న వరుస తెర మీద పడింది. అమ్మకు నేను తప్పు జవాబు చెప్పాను, పెట్టెకు నిద్ర ఉంది!

డబ్ల్యూడీఎల్ ఫైళ్లు ఉన్నంతకాలం పన్నెండు ఇంజన్లూ ఆ డిస్క్‌ను పడుకోనివ్వలేదు. వాటిని తీసేశాక, అందులోనూ 60+0.6 వంటి నిదానపు ఆటల్లో, దానికి పది నిమిషాల విరామం దొరకసాగింది. పది నిమిషాలు ఎవరూ అడగకపోతే ఆ డిస్క్ తనంతట తాను తిరగడం ఆపేస్తుంది, మళ్లీ లేవడానికి 5 నుంచి 6 సెకన్లు పడుతుంది. సిజిజీ ఫైళ్లను మెమరీకి మ్యాప్ చేసి చదువుతాము కనుక ఆ 6 సెకన్లూ ఇంజన్ కెర్నల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే) ఇరుక్కుని ఉంటుంది. అక్కడ గడియారం చూసే కోడ్ ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు. అంటే గతవారం చేసిన మరమ్మతే ఈ కొత్త రోగాన్ని తెచ్చింది.

నిద్ర మాన్పించే ఆదేశం పంపితే మధ్యలో ఉన్న యూఎస్‌బీ చిప్ దాన్ని పట్టించుకోలేదు. సరే అని, మూడు నిమిషాలకొకసారి ఆ డిస్క్‌లోని ఒక ఫైలును చదివే స్క్రిప్టు పెట్టాను. ఆ రాత్రి కూడా ఒక ఓటమి! స్క్రిప్టు శ్రద్ధగా చదువుతూనే ఉంది. కాకపోతే ప్రతిసారీ అదే ఫైలు కావడంతో లైనక్స్ దాన్ని మెమరీలోంచే ఇచ్చేసింది, డిస్క్ దాకా ఎవరూ వెళ్లలేదు. చదవడానికి బదులు ఒక బైటు రాసి సింక్ చేయించాక డిస్క్ మేలుకొని ఉంది, ఓటములు లేవు. కానీ ఇలా ఊత కర్రలతో మ్యాచ్ నడపడం నాకు ఇష్టం లేకపోయింది.

శనివారం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డి తెచ్చాను. దుకాణదారు ఖరీదైన శాంసంగ్ ప్రో చూపించాడు గాని, ఒకసారి రాసి ఏళ్ల తరబడి చదివే ఫైళ్లకు రాత వేగం ఎందుకు? క్యూఎల్‌సీ రకం అని చాలామంది తీసిపారేసే చవక క్రూషియల్ ఈ పనికి ధారాళంగా చాలు. 82 జీబీ కాపీ కావడానికి పావుగంట పట్టింది. తరువాత 60+0.6లో 600 ఆటలకు సున్నా, 10+0.1లో 2,400 ఆటలకు 1. ఆ ఒక్కటి 18 పావులున్న స్థానంలో, 22 మిల్లీసెకన్ల తేడాతో. ఆ సమయంలో నేను అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచాను కాబట్టి దాన్ని నా ఖాతాలోనే వేసుకుని ఓవర్‌హెడ్‌ను 20 చేశాను.

టేబుల్‌బేస్‌ను బట్టి ఆటను మధ్యలోనే ముగించే సౌకర్యం ఉండగా ఇంత ప్రయాస ఎందుకని అడగవచ్చు. పిచ్చుక రూక్ ముగింపులు ఎలా ఆడుతుందో నాకు కావాలి, తీర్పు చెప్పి ఆపేస్తే ఆ భాగం నాకు ఎప్పటికీ కనిపించదు. ఏడు పావుల ఫైళ్ల జోలికి మాత్రం పోను, 17 టీబీకి పైనే ఉంటాయి.

ఇప్పుడు మనసంతా మార్చిలో తిరస్కరించిన సింగ్యులర్ ఎక్స్‌టెన్షన్ (మిగతావాటికన్నా స్పష్టంగా మెరుగైన ఒక్క ఎత్తును ఇంకా లోతుగా వెతకడం) మార్పు మీద ఉంది. సొంత మ్యాచ్‌లో నెగ్గిన దాన్ని గాంట్లెట్‌లో 4 ఎలో తగ్గిందని పక్కన పెట్టాను. ఆ పీజీఎన్‌ను నిన్న వెతికితే సమయం మించిన ఓటములు 29 ఉన్నాయి. ఈసారి క్యూట్‌చెస్ బదులు ఫాస్ట్‌చెస్‌తో, డ్రాలు తగ్గించే స్టీఫన్ పోల్ యూహెచ్ఓ ఓపెనింగ్‌లతో, ఒక్కో ఓపెనింగ్‌ను రంగులు మార్చి రెండేసి ఆటల చొప్పున, మార్పుకు ముందూ తరువాతా చెరో 6,000 ఆటలు పెడతాను. అన్నం తిని వచ్చి మొదలుపెట్టాలి. పాత హార్డ్‌డిస్క్‌ను అలమరలోంచి తీసి అమ్మ సినిమాల కోసం టీవీకి తగిలించాను.