తెల్లగోడల గదిలో నీడ కోసం
శ్రీకాకుళంలో నిన్నంతా మోడల్‌తో పోర్ట్రెయిట్ లైటింగ్ సాధన. పది బై పన్నెండు గది, చుట్టూ తెల్లగోడలు. సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే గుడ్డపెట్టె) ఎక్కడ పెట్టినా వెలుగు గోడకి తగిలి తిరిగొచ్చి నీడని తినేస్తుంది. నీడ పడాల్సిన వైపు నల్లగుడ్డ కడితేనే ముఖానికి ఆకారం.

90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్, ముఖానికి మీటరు దూరం, 45 డిగ్రీల పక్కకి, కళ్లకంటే కాస్త ఎత్తు. కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుగుకి సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/125 సెకను. ఫ్లాష్‌తో షట్టర్ వేగం 1/250 దాటించారో, చాలా కెమెరాల్లో ఫొటోకి ఒకపక్క నల్లపట్టీ! లైటు రెండు మీటర్లకి జరిపితే వెలుగు సగం కాదు, పావే మిగులుతుంది. నీడల అంచులూ గట్టిపడతాయి.

తెల్లటి పొందూరు ఖద్దరు చీరైతే ముందు చీర చూసి ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు మోతాదు) పెట్టండి, లేకపోతే నేత కనబడదు. కళ్లద్దాల్లో మెరుపొస్తే లైటు ఇంకాస్త పైకెత్తాలి. మన ఉక్కపోతకి పౌడర్ పఫ్ చేతికందేలా ఉంచుకోండి.