ఊగడం అలవాటైపోయింది కానీ...

టోక్యోలో కొన్నాళ్ళున్నాక చిన్న చిన్న భూకంపాలకి కుర్చీలోంచి లేవడం కూడా మానేస్తాం. మన ఊళ్ళో కరెంటు పోతే వీధంతా పోయిందా మనకేనా అని ఎలా తొంగిచూస్తామో, ఇక్కడ అలా ఫోన్ తీసి షిండో ఎంతా అని చూసుకుంటాం, అంతే. షిండో అంటే మాగ్నిట్యూడ్ కాదండోయ్, మనం ఉన్నచోట ఎంత ఊగిందో చెప్పే లెక్క, 0 నుంచి 7 దాకా ఉంటుంది, 5కీ 6కీ మళ్ళీ వీక్, స్ట్రాంగ్ అని రెండేసి. 3 వరకూ ఆఫీసులో ఎవడూ కీబోర్డ్ మీంచి చెయ్యి తియ్యడు. 4 దాటితే మాత్రం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటాం.

2024 జనవరి 1న జపాన్‌లోనే నోతో అనే చోట మాగ్నిట్యూడ్ 7.6 వచ్చినప్పుడు మా అమ్మ శ్రీకాకుళం నుంచి ఫోన్. "ఒరే, టీవీలో సునామీ అని సూపిస్తన్నారు, మీకేటీ అవలేదు కదా?" ఏం లేదమ్మా అది ఇక్కడికి చాలా దూరం, మాకు కాసేపు మెల్లగా ఊగిందంతే అన్నా. అదే ఏడాది డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 వచ్చి హైదరాబాద్‌లో జనం కిందకి పరిగెత్తినప్పుడు కంగారుపడ్డం నా వంతైంది, టేబుల్ కింద దూరారా అని అడిగితే మా చెల్లి "మన ఇంట్లో టేబుల్ ఎక్కడుంది అన్నయ్యా" అంది.

సరే అసలు విషయానికొస్తా. ఊగడం ఆగాక ఇక్కడి టీవీ ఛానెల్ ఎన్‌హెచ్‌కే పెడితే ముందు సునామీ ఉందా లేదా చెప్తారు, తర్వాత రైళ్ళు, ఆ తర్వాత ఫలానా అణు విద్యుత్ కేంద్రంలో ఇప్పటివరకూ తేడా ఏమీ కనబడలేదు అని ఒక లైన్ వస్తుంది. ఆ లైన్ వినేదాకా నేను టీవీ కట్టెయ్యను. మా ఆవిడ నవ్వుతుంది, ఊగినప్పుడు లేని భయం ఇప్పుడెందుకూ అని. ఎందుకంటే భూకంపం సంగతి నా కాళ్ళకే తెలుస్తుంది, రేడియేషన్ సంగతి ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది, ఆ చెప్పేవాళ్ళు ఒకసారి చెప్పలేదు. 2011 మార్చి భూకంపం, సునామీ దెబ్బకి ఫుకుషిమా దాయిచి అణు కేంద్రంలో మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోతే, మెల్ట్‌డౌన్ అని ఒప్పుకోడానికి దాన్ని నడిపే టెప్కో కంపెనీకి రెండు నెలలు పట్టింది, ఆ మాట దాచాం తప్పే అని వాళ్ళ ప్రెసిడెంటే 2016లో క్షమాపణ చెప్పాడు.

నేను వచ్చింది దాని తర్వాతే. కానీ టోక్యోలో మా ఏరియా నిషికసాయిలో అప్పటి నుంచీ ఉన్న ఒక అన్నయ్య చెప్తుంటాడు, తెలిసినవాళ్ళు చాలామంది ఫ్లైట్లెక్కి వెళ్ళిపోయారు, వీళ్ళు చంటిపిల్లతో ఉండిపోయారు. మార్చి 23న, కనమాచి నీటి శుద్ధి ప్లాంట్ కుళాయి నీళ్ళలో లీటరుకి 210 బెక్వెరెల్ (రేడియేషన్ కొలిచే లెక్క) రేడియో అయోడిన్ వచ్చిందని చెప్పారు, చంటిపిల్లలకి లిమిట్ 100. మా ఏరియాకి నీళ్ళు అక్కణ్ణుంచే. మర్నాడే లిమిట్ కిందకి దిగింది అనుకోండి, కానీ ఆ రాత్రి పాలు కలపడానికి నీళ్ళ బాటిల్ కోసం షాపులన్నీ తిరిగాడట, ఎక్కడా దొరకలేదు.

ఇదంతా చదివి అణు విద్యుత్ వద్దే వద్దు అంటాననుకుంటున్నారేమో, అంత ఈజీగా తేలట్లేదు. ఒనగావా అని ఇంకో ప్లాంట్ ఉంది, భూకంప కేంద్రానికి ఫుకుషిమా కన్నా దగ్గర, అదే సునామీ దాని మీదకీ వచ్చింది, కానీ రియాక్టర్లు సేఫ్‌గా ఆగిపోయాయి, పైగా ఇళ్ళు పోయిన ఊరి జనం ఆ ప్లాంట్ జిమ్‌లోనే తలదాచుకున్నారు. తేడా ఏంటంటే ఎత్తు. హిరాయ్ యనోసుకే అని ఒక పాతకాలం ఇంజనీరు పట్టుబట్టి సముద్ర మట్టానికి 14.8 మీటర్ల ఎత్తులో కట్టించాడు. ఫుకుషిమాలో అయితే 35 మీటర్ల గట్టు ఉంటే దాన్ని చెక్కి 10 మీటర్లకి దించారు, సముద్రం నీళ్ళు తోడటం సులువని ఒక కారణం, డీజిల్ జనరేటర్లేమో చాలావరకు బేస్‌మెంట్‌లో. సునామీ 15 మీటర్ల దాకా రావొచ్చని 2008లో కంపెనీ సొంత లెక్కే చెప్పినా సముద్రం వైపు గోడ ఎత్తు పెంచలేదు. ఇక్కడే నాకు మండుతుంది, సముద్రం ఒకటే, భూకంపం ఒకటే.

అలాగని ఒనగావా చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండగలనా అంటే అదీ లేదు, హిరాయ్ లాంటి మొండోళ్ళు ప్రతి ఆఫీసులో ఉండరు కదా. 2024లో ఒనగావా రెండో యూనిట్ మళ్ళీ స్టార్ట్ చేశారు. ఆగస్టులో ఏసీ లేకుండా ఈ ఊళ్ళో ఉండలేం, కరెంటు బిల్లు చూసి తిట్టుకునేదీ నేనే.

ఈ మధ్య నాన్నతో ఇదే మాట్లాడుతున్నా. మా బంధువులు కొందరు రణస్థలం వైపుంటారు, అక్కడ కొవ్వాడలో 1208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు పెడతామని ఏళ్ళుగా అంటున్నారు, పని ఇంకా మొదలవ్వలేదు. అవి ఏపీ1000 అని అమెరికా డిజైన్, కరెంటు మొత్తం పోయినా పైన ట్యాంకులో ఉన్న నీళ్ళు వాటంతటవే కిందకి దిగి 72 గంటలు చల్లబరుస్తాయి, ఫుకుషిమా అంత పాతవి కావు అని నాన్నకి చెప్పా. అంతా విని "మరి నాలుగో రోజు నీళ్ళెవుడు పోస్తాడ్రా?" అన్నాడు. పంపులుంటాయి నాన్నా అంటే, అవి ఏ ఎత్తులో ఎడతారు అన్నాడు. ఈసారి అక్కడ మీటింగ్ పెడితే బావని సరిగ్గా ఈ రెండూ అడగమని చెప్పమన్నా.