ఒకే గేమ్‌కి వెయ్యి రూపాయల తేడా: స్టీమ్‌లో మన ధర ఎవరు పెడతారు?

బాల్డర్స్ గేట్ 3 అనే గేమ్ అమెరికాలో 59.99 డాలర్లు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీసీ వెర్షన్ కూడా అక్కడ 59.99 డాలర్లే. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఇండియా వాళ్లకు మాత్రం మొదటిది 2023లో 2,999 రూపాయలకు వచ్చింది, రెండోది 2024లో 3,999కి వచ్చింది. రెండు విడుదలల నాడూ డాలరు 83 రూపాయల చుట్టుపక్కలే ఉంది. స్టోర్ అదే, కరెన్సీ అదే. అయినా వెయ్యి రూపాయల తేడా.

స్టీమ్ ధర గురించి మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఇందులోనే ఉంది. మనకు కనిపించే రూపాయి ధర డాలరు ధరను మారకపు రేటుతో గుణిస్తే వచ్చిన అంకె కాదు. ఆ గేమ్‌ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీ, అంటే పబ్లిషర్, కూర్చుని విడిగా పెట్టిన అంకె. స్టీమ్‌లో దాదాపు 40 కరెన్సీలు ఉన్నాయి, ప్రతి దానికీ ఒక గడి ఉంటుంది. డాలరు ధర వేయగానే మిగతా గడులన్నిటికీ స్టీమ్‌ని నడిపే కంపెనీ వాల్వ్ ఒక సూచన చూపిస్తుంది. ఆయా దేశాల కొనుగోలు శక్తినీ, అక్కడి ధరల స్థాయినీ చూసి తయారుచేసిన సూచన అది. పబ్లిషర్ దాన్ని యథాతథంగా ఒప్పుకోవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు. చిన్న స్టూడియోలు ఎక్కువగా ఒప్పుకుంటాయి, పెద్ద పబ్లిషర్లకు సొంత పట్టికలు ఉంటాయి. అందుకే ఒక ఇండీ గేమ్ మనకు సగం కంటే తక్కువకు దొరికితే, పక్కనే ఉన్న పెద్ద గేమ్ దాదాపు డాలరు ధరకు దగ్గరగా కూర్చుంటుంది. స్టార్‌డ్యూ వ్యాలీ అక్కడ 14.99 డాలర్లయితే ఇక్కడ 480 రూపాయలు, అంటే డాలరు 83 చొప్పున నేరుగా మార్చిన ధరలో దాదాపు ఐదింట రెండు వంతులు.

ఒకసారి పెట్టిన ధర రూపాయి పడినా లేచినా కదలదు, పబ్లిషర్ మళ్లీ ముట్టుకునేదాకా అలాగే ఉంటుంది. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లో అమ్మడం మొదలుపెట్టినప్పుడు డాలరు 66 రూపాయల దగ్గర ఉండేది. ఆనాటి ధరతోనే ఇంకా ఉన్న పాత గేమ్ ఏదైనా కనిపిస్తే అది డాలర్ల లెక్కన ఏళ్లుగా నిశ్శబ్దంగా చౌకవుతూ వచ్చిందన్నమాట. అలాంటివి కోరికల జాబితాలో ఉంటే మరీ ఆలస్యం చేయకండి.

ఇప్పుడు పన్ను లెక్క. ధరలు పోల్చేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. స్టీమ్ ఇండియా ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. అమెరికా ధరలో పన్ను ఉండదు. అక్కడ పన్ను వేసే రాష్ట్రాల్లో అది బిల్లు చివర విడిగా పడుతుంది. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టే ముందు మన ధరను 1.18తో భాగించాలి. 2,999ని భాగిస్తే 2,541 రూపాయల 50 పైసలు, మిగతా 457 రూపాయల 50 పైసలు పన్ను. అందులోంచి స్టోర్ వాటా మామూలుగా 30 శాతం పోతే పబ్లిషర్‌కు చేరేది 1,779 రూపాయలు. అమెరికాలో అమ్ముడైన కాపీ మీద అదే లెక్కన 41.99 డాలర్లు, 83 చొప్పున 3,485 రూపాయలు. (అమ్మకాలు కోటి డాలర్లు దాటితే స్టీమ్ వాటా 25 శాతానికీ, 5 కోట్లు దాటితే 20 శాతానికీ దిగుతుంది. 2018 చివర ప్రకటించిన ఈ మెట్లు పెద్ద గేమ్‌లకే అందుతాయి, నిష్పత్తి మాత్రం మారదు.) మన కంటికి 40 శాతం తగ్గింపులా కనిపించింది పబ్లిషర్ చేతిలో 49 శాతం తగ్గింపు. 3,999 ధరను ఇలాగే విప్పితే పన్ను పోగా మిగిలేది 3,389. "ఇండియాకు అసలు తగ్గించనే లేదు" అని ఆ గేమ్ మీద వచ్చే ఫిర్యాదుకు ఇది కొంత జవాబు. కొంతే. తోటి పబ్లిషర్లు 2,999కి అమ్మగలిగిన చోట అంత ధర పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

సగం డబ్బుకే ఎందుకు అమ్ముతారంటే, ఇంకో కాపీ తయారుచేయడానికి వాళ్లకు ఖర్చు దాదాపు లేదు కాబట్టి. ఒకే సినిమాకు మండల కేంద్రంలోని థియేటర్లో ఒక టికెట్టు, హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో ఇంకో టికెట్టు ఉన్నట్టే ఇదీ. ఊళ్లో మల్టీప్లెక్స్ రేటు పెడితే హాలు ఖాళీగా ఉంటుంది, పైరసీ కాపీ ఫోన్లలో తిరుగుతుంది. తేడా ఎక్కడంటే, ఊరి టికెట్టుతో సినిమా చూడాలంటే ఆ ఊరికి రావాల్సిందే. డిజిటల్ గేమ్‌కి ఆ ఊరు అనేది సర్వర్ నమ్మిన ఒక చిరునామా మాత్రమే. ఆ నమ్మకం చెడితే ఏమవుతుందో టర్కీ, అర్జెంటీనా చూపించాయి.

టర్కీలో ద్రవ్యోల్బణం 2022 అక్టోబరులో 85 శాతం దాటింది. అర్జెంటీనాలో 2023 ఏడాది మొత్తానికి అది 211 శాతం. లీరా, పెసో కుప్పకూలుతుంటే స్టీమ్‌లో పాత అంకెలు అలాగే నిలబడిపోయాయి. డాలర్లలో చూస్తే ఆ ధరలు నేలకు దిగాయి. ప్రపంచం నలుమూలల నుంచీ జనం తామున్న చోటును దాచే వీపీఎన్ పెట్టి, అక్కడి గిఫ్ట్ కార్డులు సంపాదించి, ఖాతాను ఆ దేశాలకు మార్చుకుని కొన్నారు. వాల్వ్ 2021లో ఖాతా దేశం మార్చుకోవడాన్ని మూడు నెలలకు ఒక్కసారికి కట్టడి చేసింది. 2022 అక్టోబరులో సూచన పట్టికను తిరగరాసింది. 59.99 డాలర్ల గేమ్‌కి సూచించే లీరా, పెసో ధరలు ఐదున్నర రెట్లు దాటాయి. రూపాయి సూచన కూడా అప్పుడే పెరిగింది, ఆ తర్వాత మన దగ్గర చాలా గేమ్‌ల రేట్లు మారడానికి మూలం అదే. చివరికి 2023 నవంబరు 20న లీరానూ పెసోనూ తీసేసి, ఆ ప్రాంతాలకు ప్రత్యేక డాలరు ధరలు తెచ్చారు. ఆ గడి నింపని పబ్లిషర్ల గేమ్‌లకు మామూలు అమెరికా ధరే పడింది. రాత్రికి రాత్రి ఎన్నో రెట్లు పెరిగిన గేమ్‌లున్నాయి. నష్టపోయింది వీపీఎన్ వాళ్లు కాదు, వాళ్లు ఇంకో దేశం వెతుక్కున్నారు. నష్టం ఇస్తాంబుల్లో, బ్యూనస్ ఎయిర్స్‌లో జీతం లీరాల్లో, పెసోల్లో వచ్చే కుర్రాళ్లది. మన పక్కనున్న పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకలకు కూడా స్టీమ్‌లో సొంత కరెన్సీ లేదు, దక్షిణాసియా డాలరు ధర అనే ఉమ్మడి గడి ఉంది. సొంత కరెన్సీలో గడి ఉండటం మనకున్న మంచి అవకాశం. దాన్ని కాపాడుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అందుకే వీపీఎన్ సంగతి సూటిగా చెబుతాను: వద్దు. స్టీమ్ ఒప్పందంలోనే, వేరే దేశం ధరకు కొనడానికి మీరుండే చోటును దాస్తే ఖాతా మూసేయవచ్చని రాసి ఉంది. పదేళ్ల లైబ్రరీని ఐదొందల రూపాయల కోసం పణంగా పెట్టడమే అవుతుంది. పైగా దేశం మార్చాలంటే ఐపీ చిరునామా సరిపోదు, ఆ దేశంలో జారీ అయిన కార్డు లాంటి చెల్లింపు సాధనంతో ఒక కొనుగోలు పూర్తి కావాలి.

న్యాయంగా డబ్బు ఆదా చేసే దారులు వేరే ఉన్నాయి. అమెరికాలో ఉన్న అన్నయ్య విజయవాడలోని తమ్ముడికి గేమ్ కొనివ్వాలనుకున్నాడనుకోండి. నేరుగా గేమ్‌నే గిఫ్ట్‌గా పంపితే అన్నయ్య కట్టేది డాలరు ధర. రెండు దేశాల ధరల మధ్య తేడా ఎక్కువగా ఉంటే గిఫ్ట్ వెళ్లకపోవచ్చు కూడా. 2017 నుంచి ఉన్న నిబంధన ఇది, డబ్బు కట్టకముందే స్టీమ్ చెప్పేస్తుంది. దానికి బదులు స్టీమ్ డిజిటల్ గిఫ్ట్ కార్డు పంపితే ఆ మొత్తం తమ్ముడి వాలెట్‌లో రూపాయలుగా మారి పడుతుంది, గేమ్‌ని రూపాయి ధరకే కొనుక్కోవచ్చు. ఇద్దరూ స్టీమ్‌లో కనీసం మూడు రోజుల నుంచి స్నేహితులై ఉండాలి. పుట్టినరోజు ముందురాత్రి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపితే పని జరగదు.

ఏదైనా గేమ్ ధర సబబా కాదా చూడాలంటే స్టీమ్‌డీబీ సైట్‌లో ఆ గేమ్ పేజీ తెరవండి. అన్ని కరెన్సీల ధరలూ రూపాయల్లోకి మార్చి, శాతం తేడాతో కనిపిస్తాయి. కింద ధరల చరిత్ర గ్రాఫ్ ఉంటుంది. అక్కడ రూపాయి గీత ఈమధ్యే పైకి లేచి ఉంటే తొందరపడకండి, అలాగని వెంటనే సేల్ వస్తుందనీ ఎదురుచూడకండి. ఏ కరెన్సీలోనైనా ధర పెంచాక 30 రోజుల దాకా ఆ గేమ్‌కి డిస్కౌంట్ పెట్టడానికి స్టీమ్ ఒప్పుకోదు. కొన్నాక నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే రీఫండ్ అడగవచ్చు. యూపీఐతో కట్టేటప్పుడు ఆమోదం ఆలస్యమైతే ఆ కొనుగోలు పెండింగ్‌లో ఇరుక్కుంటుంది. అది తేలేదాకా అదే గేమ్‌ని మళ్లీ కొనలేరు, కాబట్టి రెండోసారి కట్టాలని ప్రయత్నించకుండా కాసేపు ఆగండి.

రూపాయల్లో అమ్మని స్టోర్ల దగ్గర ఇంకో ఖర్చు దాగి ఉంటుంది. 50 డాలర్ల గేమ్ 83 చొప్పున 4,150 రూపాయలు. బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము 3.5 శాతం అయితే 145, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ 26. మొత్తం 4,321 అవుతుంది. అసలు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉందో లేదో బ్యాంకు యాప్‌లో ముందే చూసుకోండి. 2020 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కొత్త కార్డులు దేశీయ వాడకానికే తెరిచి వస్తాయి.

గేమ్‌ని స్టీమ్ ఖాతాలో చేర్చుకునే కోడ్‌లను కీలు అంటారు, స్టీమ్ బయట అమ్మే ఈ కీలతో వేరే చిక్కు. కీకి ప్రాంతం తాళం ఉండవచ్చు. కొన్ని కీలు ఫలానా దేశాల్లోనే యాక్టివేట్ అవుతాయి, కొన్ని యాక్టివేట్ అయినా ఆ దేశాల బయట గేమ్ నడవదు. ఈ రెండో రకం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే లైబ్రరీలో గేమ్ కనిపిస్తూనే ఉంటుంది. బయట కొన్న కీకి స్టీమ్ రీఫండ్ కూడా ఉండదు. ఐరోపాలో ఈ తాళాల మీదే పెద్ద కేసు నడిచింది. పోలండ్, చెకియా, హంగరీ, రొమేనియా, బాల్టిక్ దేశాల్లో అమ్మిన కీలు మిగతా ఐరోపాలో పనిచేయకుండా చేసినందుకు యూరోపియన్ కమిషన్ 2021 జనవరిలో వాల్వ్‌కీ మరో ఐదుగురు పబ్లిషర్లకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. వాల్వ్ అప్పీలును 2023లో అక్కడి జనరల్ కోర్టు కొట్టేసింది. ఆ తీర్పు ఐరోపా ఉమ్మడి మార్కెట్ లోపలికే వర్తిస్తుంది, మన కీలకు దాని రక్షణ లేదు.

కన్సోళ్ల దగ్గర తీరు ఇంకోలా ఉంటుంది. ప్లేస్టేషన్ ఖాతా దేశాన్ని తెరిచేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మార్చడం కుదరదు. అమెరికా వెళ్లిన విద్యార్థి అక్కడి కార్డుతో కొనాలంటే కొత్త ఖాతా తెరవాల్సిందే, ట్రోఫీలు, కొనుగోళ్లు పాత ఖాతాలోనే ఉండిపోతాయి. డిస్క్ కొన్నవాళ్లు డీఎల్‌సీ, అంటే ఆ గేమ్‌కి విడిగా అమ్మే అదనపు భాగం, కొనే ముందు డిస్క్ ఏ ప్రాంతానిదో చూసుకోవాలి, వేరే ప్రాంతం స్టోర్లో కొన్న డీఎల్‌సీ దానికి అతకదు. నింటెండో ఇంకా ముందుకెళ్లింది. 2025 మార్చి 25 నుంచి తన ఆన్‌లైన్ స్టోర్ ఈషాప్ జపాన్ విభాగంలో విదేశాల్లో జారీ అయిన క్రెడిట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. 2025లోనే స్విచ్ 2 కన్సోల్‌ని జపాన్‌లో రెండు రకాలుగా విడుదల చేసింది. విడుదలప్పుడు జపనీస్ భాష ఒక్కటే ఉన్నది 49,980 యెన్లు, అన్ని భాషలున్నది 69,980 యెన్లు. చౌకదానికి జపాన్ ప్రాంతపు నింటెండో ఖాతాలు మాత్రమే జతవుతాయి. యెన్ బలహీనపడిన వేళ సొంత జనానికి తక్కువ ధర ఉంచుతూ, ఆ ధర సరిహద్దు దాటకుండా భాషతో వేసిన తాళం అది.

చదువుకో ఉద్యోగానికో దేశం వదిలి వెళ్తున్న వాళ్లకు స్టీమ్‌లో పని సులువే. అక్కడికి చేరాక ఖాతా వివరాల్లో స్టోర్ దేశం మార్చే ఎంపిక కనిపిస్తుంది. అక్కడి కార్డుతో ఒక చిన్న కొనుగోలు చేస్తే మారిపోతుంది, కొన్న గేమ్‌లు పోవు, వాలెట్‌లో మిగిలిన రూపాయలు అక్కడి స్టోర్ కరెన్సీలోకి మారతాయి. కోరికల జాబితాలో కచ్చితంగా ఆడబోయే గేమ్‌లు నాలుగైదు ఉంటే, విమానం ఎక్కకముందే శంషాబాద్‌లో కూర్చుని రూపాయల్లో కొనేసుకోండి. అక్కడ దిగి దేశం మార్చుకున్నాక మూడు నెలల దాకా వెనక్కి మార్చడం కుదరదు.