ఆకుపచ్చ మైనం మీద రాసిన ఉత్తరాలు

మహారాణిపేటలోని మా ఇంట్లో, దేవుడి గూటి పక్కన, ఒక తాటాకుల కట్టతో పాటు మా తాతగారి గంటం గుడ్డలో చుట్టి ఉంటుంది. విశాఖపట్నం ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుందని అమ్మ ఏటా వానలు వెలిశాక దానికి నువ్వులనూనె రాసి పెట్టేది. ఈ ఏడాది ఆ పని నా చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే నేను బోద్రి అనే ఫ్రెంచి మఠాధిపతి లాటిను కవితలను ఆంగ్లానువాదంలో చదువుతూ, తన గంటం విరిగిపోయిందని అతడు దుఃఖించిన పద్యం దగ్గరికి వచ్చాను. తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ మనిషి నాకు ఆత్మీయుడైనది ఆ పద్యంతోనే.

బోద్రి 1046 ప్రాంతంలో లువార్ నది ఒడ్డున, ఓర్లెయాన్ పట్టణానికి చేరువలో పుట్టాడు. బూర్గేయ్‌లో బెనెడిక్టీను అనే క్రైస్తవ సన్యాసి సంప్రదాయపు మఠంలో సన్యసించి దానికే అధిపతి అయ్యాడు, 1107లో ఫ్రాన్సు వాయవ్యాన ఉన్న బ్రిటనీలోని దోల్‌కు ఆర్చిబిషప్పుగా వెళ్లాడు, 1130లో కన్నుమూశాడు. జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధమైన మొదటి క్రూసేడు చరిత్రను లాటినులో రాశాడు. ఓర్లెయాన్ బిషప్పు పదవికి ఆశపడి రాజాస్థానానికి వెళ్లి భంగపడ్డాడని అతని సమకాలికుడైన షార్త్ర్ బిషప్పు ఈవ్ రాసిన ఉత్తరం వల్ల తెలుస్తుంది. ఈ పదవుల కథ చరిత్రకారులకు అవసరమే కాని, నా మట్టుకు అతని అసలు జీవితం మిత్రులకూ శిష్యులకూ సన్యాసినులకూ పద్యాలుగా రాసిన ఉత్తరాలలోనే ఉంది. రోమునగరంలోని వాటికన్ గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క రాతప్రతి పుణ్యాన 256 కవితలు మనకు దక్కాయి.

అతడు తన మైనపు పలకల మీద రాసిన పద్యం ఒకటుంది. అరచేతిలో ఇమిడేటంత చిన్న పలకలవి, మొత్తం ఎనిమిది. అట్టలుగా ఉండే రెండు బయటి వైపులనూ వదిలేస్తే రాయడానికి పద్నాలుగు పుటలు మిగులుతాయి. ఒక్కొక్క పుటలో ఎనిమిది పాదాలు పడతాయి. అంటే మొత్తం నూట పన్నెండు పాదాలని అతడే లెక్క కట్టి చెబుతాడు. మైనం నల్లనిది కాదు, ఆకుపచ్చనిది, ఎందుకంటే ఆ రంగు కంటికి హాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాళపత్రాలను దగ్గరగా చూసినవారికి ఈ తేడా వెంటనే తోస్తుంది: మన గంటం తాటాకు మీద గీసిన గీత అందులోనే ఉండిపోతుంది, ఆపైన పూసిన మసి దానిని ఇంకా స్పష్టం చేస్తుంది, బోద్రి గంటం మాత్రం ఒక కొనతో రాసి, వెడల్పుగా ఉన్న రెండో కొనతో మైనాన్ని చదును చేసి చెరిపేస్తుంది. పలకల మీది పద్యం చెరిగేలోగా దానిని తోలు కాగితం మీదికి ఎక్కించడానికి ఒక వ్రాయసకాడు కావాలి. అందుకే గిరార్దు అనే తన వ్రాయసకాడికి కూడా అతడు పద్యం రాశాడు. చేతిలోని పనిముట్టునూ పక్కనున్న పనివాణ్ణీ ఇంత ప్రేమగా పలకరించిన కవిని నేను వేరే చోట చదవలేదు.

మఠాధిపతికి ఈ సరస కవిత్వం ఏమిటని గిట్టనివారు ఆక్షేపించారు. రాత్రివేళలోనో గుర్రం మీద ప్రయాణం చేస్తూనో మాత్రమే పద్యాలు కడతానని, మఠం పని వేళను వాటికి ఇవ్వనని అతడు జవాబిచ్చాడు. ఇంగ్లండును జయించిన విలియం కూతురు అదేలాకు 1368 పాదాల కవిత రాసి, ఆమె శయనాగారాన్ని, అందులోని తెరల మీద అల్లిన తండ్రి విజయగాథను వర్ణించి, చివరకు పూజలో ధరించే పై వస్త్రం ఒకటి కానుకగా అడిగాడు. దాని అంచు కుచ్చులు మరిచిపోవద్దని మరో చిన్న కవితలో గుర్తు కూడా చేశాడు. కస్తూరి ఇమ్మని రాజును అడిగిన శ్రీనాథుని చాటువు తెలిసిన మనకు ఇది కొత్తగా తోచదు.

నేను మళ్లీ మళ్లీ తెరిచేది కోన్స్తాన్స్ ఉత్తరాన్ని. ఆమె ఆంజే నగరంలో రోన్సెరే మఠంలోని సన్యాసిని. మనసులు కలిసి ఉండాలి, దేహాలు దూరంగా ఉండాలి, నడతలో మర్యాదా కలంలో సరసమూ ఉండాలని బోద్రి ఆమెకు రాశాడు. ఆమె జవాబు అతని ఉత్తరానికి ఏ మాత్రం తీసిపోదు. ఉత్తరాన్ని వట్టి చేతితో తాకానని, రెండు మూడు నాలుగు సార్లు విప్పి చదివానని, చీకటి పడి చదువుకు అడ్డం వచ్చిందని, పడుకునేటప్పుడు గుండెకు దగ్గరని ఎడమ రొమ్ము కింద దాచుకున్నానని చెబుతుంది. ఈ జవాబును నిజంగా ఆమే రాసిందా, ప్రాచీన రోమను కవి ఓవిడ్ తన నాయికల పేరిట రాసిన లేఖలను అనుసరిస్తూ బోద్రియే ఆమె పేరుతో రాసుకున్నాడా అని పండితులు వాదించుకుంటారు. రుజువులు తూచడం నా చేత కాదు. అయితే మా అమ్మమ్మ ఓడరేవులో పనిచేసే తాతగారు పంపిన ఇన్‌లాండు ఉత్తరాలను దిండు కింద పెట్టుకుని పడుకునేదని అమ్మ చెప్పగా విన్నాను కనుక, ఆ జవాబులో ఉత్తరం కోసం ఎదురుచూసిన మనిషి చెయ్యి ఉందనే నా నమ్మకం. రాసేవాడికి ఉత్తరం చేరితే చాలు. అందుకున్నవారికి మాత్రం అది చాలదు. కోన్స్తాన్స్‌కూ చాలలేదు. మాటలు సరే, ఏదో ఒక పని కల్పించుకొని ఒకసారి వచ్చి కనిపించమని ఆమె అతణ్ణి అడిగింది.