పెడల్ తొక్కడమేనా పని

నిద్ర రావట్లేదు. "ఏదో మాటవరసకి అన్నాడు, వదిలెయ్యి" అని మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మాటవరసకి అన్న మాటలే నాకు ఎక్కువసేపు అరగవు, ఇక్కడ చదివేవాళ్ళకి అది తెలిసిన సంగతే.

జరిగింది ఇంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటికి వచ్చినవాళ్ళందరూ నా షెడ్డు చూస్తామన్నారు. ఉక్కు పట్టీలు పొరలుగా పేర్చి, అతికించి, చారల కత్తులు చేస్తుంటాను అక్కడ. కొలిమి అప్పటికే వెలిగించి ఉంచాను, ఇవాళ ఈ దిమ్మె అతకకపోతే మళ్ళీ వచ్చే శనివారం దాకా కుదరదు. 60 పొరల పట్టీని నాలుగు ముక్కలుగా కోసి, మొహాలు తెల్లగా వచ్చేదాకా రుద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలల్లో వెల్డింగ్ చుక్కలు పెట్టి, పట్టుకోవడానికి వెనక కడ్డీ అతికించి సిద్ధంగా పెట్టుకున్నా. వేడెక్కించి, వెలిగారం (బోరాక్స్) చల్లి, మళ్ళీ లోపల పెట్టి, సమయం చూసి తీసి, నూనె ఒత్తిడితో నొక్కే ప్రెస్సులో పెట్టి పెడల్ తొక్కాను. దిమ్మె అణిగింది, పక్కల్నుంచి కరిగిన వెలిగారం చిమ్మింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు అన్నయ్యగారు చల్లగా అన్నారు: "అంతా మిషనే నొక్కేస్తుంటే ఇంక నువ్వు చేసేదేముందమ్మా, పెడల్ తొక్కడమేగా!"

అందరూ నవ్వారు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి, ఏమంటాం. దిమ్మె చల్లారుతోంది కాబట్టి మళ్ళీ కొలిమిలో పెట్టేసి ఊరుకున్నా. దానికి ముందు ఇంకోటి జరిగింది, అది కూడా గుచ్చుకుంటోంది. ప్రెస్సు చుట్టూ తిరిగి చూసి, "ఫ్రేము గట్టిగా కట్టావే, వెల్డింగ్ బాగుంది" అని మా ఆయనతో అన్నారు. మా ఆయన చేత్తో నా వైపు చూపించాడు. ఆయన "ఓహో" అని పంపు గురించి మళ్ళీ మా ఆయన్నే అడిగారు!

సరే, పెడల్ తొక్కడమే అనుకుందాం. ఎప్పుడు తొక్కాలి? అతుకు పడేది 2300 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర. నేను కంటితోనే చూసుకుంటాను. దిమ్మె రంగూ కొలిమి గోడల రంగూ ఒకటైపోయి, లోపల దిమ్మె ఎక్కడుందో వెతుక్కోవాల్సి రావాలి. ఎక్కడైనా నీడలా కనిపిస్తే అక్కడ ఇంకా వేడి అందలేదని. పైన రంగు వచ్చేసినా నడిమధ్య పొరలు వెనకబడే ఉంటాయి, అందుకని ఇంకాసేపు ఆగాలి, మరీ ఆగితే ఉక్కు మాడి రవ్వలు రాలడం మొదలవుతుంది. బయటికి తీశాక చేతిలో ఉండేది కొన్ని సెకన్లే. ప్రెస్సు డైలు, అంటే దిమ్మెని పైనా కిందా నొక్కే అచ్చులు, చల్లటి ఇనుము కదా, తగిలినంతసేపూ వేడి లాగేస్తూనే ఉంటాయి. సుత్తి దెబ్బ తగిలి వెంటనే పైకి లేస్తుంది, ప్రెస్సు పట్టుకుని కూర్చుంటుంది. మొదటి నొక్కు నెమ్మదిగా, పొరలన్నీ ఒకదానికొకటి ఆనేంతవరకే. నా ప్రెస్సుది 5 అంగుళాల సిలిండరు, చదరపు అంగుళానికి 2500 పౌన్ల ఒత్తిడి, లెక్కేస్తే 25 టన్నులకి కొంచెం తక్కువ. అంత బలం ఉంది కదా అని ఒక్కసారిగా తొక్కితే ఇంకా అతుక్కోని పొరలు పక్కకి జారిపోతాయి. పోనీ భయపడి తక్కువ నొక్కితే అతుకు పడదు, పడని సంగతి వెంటనే తెలియదు కూడా. చల్లారేటప్పుడు గమనించాలి. అతుక్కోని చోట కింద నుంచి వేడి అందదు కాబట్టి పైపొర తక్కినవాటికంటే ముందే నల్లబడుతుంది. ఆ నల్లటి గీత కోసమే నేను ప్రతిసారీ దిమ్మెని తిప్పి తిప్పి చూస్తుంటాను, అది ఆయనకి ఊరికే చూస్తూ నిలబడ్డట్టు కనిపించి ఉంటుంది.

ఆయనే ఇంకో మాట కూడా అన్నారు. "ఇది మన కోనసముద్రం ఉక్కే కదా, డమాస్కస్‌కి మనవాళ్ళే పంపేవాళ్ళు" అని. ఆ ఊరంటే నాకు ప్రాణం, ఎవరైనా తలుచుకుంటే సంతోషం కూడా. పెర్షియా వర్తకులు నిజామాబాద్ పక్కనున్న ఆ ఊరికి వచ్చి ఉక్కు కొనుక్కెళ్ళేవాళ్ళని వోయ్సీ అనే ఆయన రాసిపెట్టాడు, అది 1832లో అచ్చయింది. కానీ ఆ పని వేరు, నేను చేసేది వేరు. వాళ్ళు ఇనుముని మట్టి మూసలో పెట్టి మూసేసి కరిగించి ఒకే ముద్దగా ఉక్కు తీసేవాళ్ళు, దాంట్లో నీటి అలల్లాంటి చారలు ఉక్కు లోపల్నుంచే పుడతాయి. అవి ఎలా పుడతాయో తేల్చడానికి అమెరికాలో వెర్హోవెన్ అనే ప్రొఫెసరూ, గుర్రాలకి నాడాలు కొట్టే పెండ్రే అనే ఆయనా కలిసి ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. నేను చేసేది రెండు రకాల ఉక్కు పట్టీలు పేర్చి అతికించడం, 1084 ఒకటి, 15ఎన్20 ఒకటి. రెండోదాంట్లో 2 శాతం దాకా నికెల్ ఉంటుంది, అందుకే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే 1084 నల్లబడుతుంది, ఇది మెరుస్తూ ఉండిపోతుంది. ఇంతింత వేడిలో కార్బన్ ఈ పొరలోంచి ఆ పొరలోకి పాకి రెండిట్లో ఇంచుమించు సమానమైపోతుంది, నికెల్ మాత్రం కదలదు. చివరికి మనకి కనిపించే గీత నికెల్‌దే. 15 పొరలతో మొదలుపెట్టి నాలుగేసి ముక్కలు కోసి పేరిస్తే 60, మళ్ళీ పేరిస్తే 240 అంటాం కానీ, అడుగునా పైనా 1084 పెడతాను కాబట్టి కలిసే చోట రెండు పొరలు ఒకటే అయిపోతాయి, నిజానికి 60 అన్నది 57. ఇవన్నీ చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎవరు వింటారు, ఐస్‌క్రీమ్ కరిగిపోతోందని వదిన పిలిచేసింది.

గిన్నెలు కడుగుతున్నంతసేపూ మనసులో ఆయనకి జవాబులు చెప్తూనే ఉన్నా. ప్రెస్సుదేముంది, ఉత్త ఇనుము, పంపు, నూనె, గొట్టాలు, నేను లేకపోతే మూలన పడుండేది, పని మొత్తం నాదే అని. అలా వాదించుకుంటూ వాదించుకుంటూ ఎందుకో అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కొలిమి గుర్తొచ్చింది.

వానలకి ముందు అక్కడ తిరనాళ్ళ రద్దీ. అందరికీ నాగలి కర్రులు సాగగొట్టించుకోవాలి, ముందు నాదంటే ముందు నాదని. తాతయ్య నన్ను కర్రు పక్కన కాపలా కూర్చోబెట్టి పొగాకు కోసం వెళ్ళేవాడు. నాకు అదే పండగ. కమ్మరి తాత కింద కూర్చుని ఎడమచేత్తో పట్టకారు, కుడిచేత్తో చిన్న సుత్తి పట్టుకునేవాడు. ఎదురుగా ఆయన భార్య నిలబడి, చెంగు నడుముకి దోపుకుని, సమ్మెట ఎత్తేది. ఆయన చిన్న సుత్తితో ఒకచోట టక్కున తడితే సరిగ్గా అక్కడే ఆమె సమ్మెట పడేది. మళ్ళీ ఆయన, మళ్ళీ ఆమె. మాటల్లేవు. ఆయన కింది ఇనుప దాగలి మీద ఉత్తి దెబ్బ వేస్తే ఆపమని. ఆ వరస వింటుంటే నాకు ఇల్లు గుర్తుకొచ్చేది కాదు, అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది. వేసవి ఎండ, పక్కన కొలిమి సెగ, ఆమె జాకెట్టు మొత్తం తడిసిపోయి ఉండేది, మధ్యలో ఎప్పుడో కుండలో నీళ్ళు తాగి మళ్ళీ సమ్మెట అందుకునేది. తిత్తి లాగే పిల్లాడు కునుకు తీస్తే వాడిని అదిలించేదీ ఆవిడే.

ఒకరోజు మా కర్రే దాగలి మీద ఉంది. ఆయన ఇంకా తడుతూనే ఉన్నాడు. ఆమె సమ్మెట దించేసి, "చల్లారింది, మళ్ళీ పెట్టు" అంది. ఆయన ఇంకో రెండు దెబ్బలు అన్నాడు. ఆమె ఎత్తలేదు. ఆయన గొణుక్కుంటూ కర్రు కొలిమిలో పెట్టాడు. నాకు అప్పుడు వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారనిపించింది, అంతే. రంగు చూసే మనిషి ఆయన కదా, ఆమెకెలా తెలిసింది? చేతికి తెలుస్తుంది. వేడిగా ఉన్న ఇనుము దెబ్బని మింగుతుంది, చల్లారిన ఇనుము సమ్మెటని వెనక్కి తంతుంది. ఇప్పుడు నేను ఈ పని చేస్తున్నాను కాబట్టి తెలుస్తోంది.

తాతయ్య వచ్చి కర్రు చూసి "బాగా చేశావయ్యా" అన్నాడు. చేశావు అని. పంట ఇంటికొచ్చాక కమ్మరి వాటా ధాన్యం, మేర, కొలిచేది కూడా ఆయన పేరు మీదే, కొలిమికి ఇంత అని. సమ్మెటకి వేరే కొలవడం నేను చూడలేదు.

ఇది గుర్తొచ్చాక అన్నయ్యగారి మీద కోపం పోలేదు కానీ నా జవాబు మాత్రం నాకే నచ్చలేదు. పని మొత్తం నాదే అంటే ఎలా? ప్రెస్సు కూడా నాకు చెప్తుంది. ఉక్కు మెత్తగా ఉన్నంతసేపూ డై గబగబా దిగుతుంది, చల్లారేకొద్దీ గేజి ముల్లు పైకి లేస్తుంది, పంపు వేగం తగ్గించుకుని ఎక్కువ ఒత్తిడిలోకి మారే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినగానే నేను కాలు తీసేస్తాను. ఆవిడ సమ్మెట దించడం లాంటిదే అది. నేను రంగు చూస్తాను, ఎక్కడ నొక్కాలో చూపిస్తాను, అంటే చిన్న సుత్తి నాది. సమ్మెట దానిది. 1973లో కాన్సస్ సిటీలో బిల్ మోరన్ అనే కత్తులు చేసే ఆయన ఇలాంటి కత్తులు తెచ్చి చూపించాక ఇక్కడ అమెరికాలో చాలామంది ఈ పని పట్టుకున్నారు. కానీ సమ్మెట వేసే మనిషి లేకుండా ఒక్కరే ఇంటి షెడ్డులో వందల పొరలు అతకాలంటే ఇలాంటిదేదో ఒకటి ఉండాలి. నా భుజంతో, నా బరువుతో, ఆఫీసు అయ్యాక మిగిలిన ఓపికతో నాలుగు ముక్కల దిమ్మెని చేత్తో అతకడం జరిగే పని కాదు. కాబట్టి "మిషనే నొక్కుతోంది" అన్నదాంట్లో తప్పేమీ లేదు. నొక్కుతోంది. "నువ్వు చేసేదేముంది" అన్న రెండో ముక్కే తప్పు. సమ్మెట ఉందని తెలిసినా కమ్మరి తాతని ఆ మాట ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం అడిగారు. నన్ను అడిగినందుకు నేను ప్రెస్సుని తక్కువ చేసి మాట్లాడడం దేనికి? ఈ సంగతి నాకు తట్టడానికి ఇంత రాత్రయింది.

వాళ్ళు వెళ్ళాక చివర కోసిన చిన్న ముక్కని నున్నగా రుద్ది, నీళ్ళు కలిపిన ఫెర్రిక్ క్లోరైడ్‌లో పది నిమిషాలు ఉంచి తీశాను. ఎక్కడా సందు లేదు, అన్ని అతుకులూ పడ్డాయి. చిన్నది భూతద్దం పెట్టి చూసి "అమ్మా, మడతకాజా!" అంది. చారల డిజైన్ కోసం దిమ్మెని నిచ్చెన డైలతో నొక్కాలా, మెలి తిప్పాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నిచ్చెనే అవ్వొచ్చు, ప్రెస్సు ఉన్నప్పుడు అది బాగా కుదురుతుంది. గాళ్ళున్న డైలతో నొక్కి, పైకి లేచిన గట్లని గ్రైండర్‌తో చదును చేస్తే లోపలి పొరలు అడ్డంగా బయటపడతాయి. అంతకంటే ముందు వెనక గొట్టం ఒకటి మార్చాలి, బిగింపు దగ్గర నూనె చెమర్చుతోంది. కొలిమి పక్కన ఆ నూనె తుంపర చిమ్మిందంటే మంటే, దాంతో ఆటలాడను.

వెళ్ళేటప్పుడు కారెక్కుతూ అన్నయ్యగారు "మీ వదినకి కూరగాయల కత్తి ఒకటి చేసిపెట్టమ్మా, అదే డిజైన్‌ది" అన్నారు. సరేనన్నాను. చేస్తాను కూడా, ఈ దిమ్మెలోంచే తీస్తాను, వదిన చెయ్యి చిన్నది కాబట్టి పిడి సన్నగా పెట్టాలి. ఊరికే మాత్రం ఇవ్వను. ఉక్కు, ప్రొపేన్, గ్రైండర్ బెల్టులు, నా గంటలు, ఇంతవరకూ నేను వేసుకునే లెక్క ఇదే. ఈసారి ప్రెస్సుకి కూడా విడిగా ఒక లైను రాసి దానికింత అని వేసి చూపిస్తాను.