ఒళ్ళు తగ్గితే ఆయాసం తగ్గుతుందన్నారు

"ముందు ఒళ్ళు తగ్గండమ్మా, ఆయాసం దానంతటదే పోతుంది. రోజూ గంటసేపు గట్టిగా నడవండి."

మెట్లెక్కితే ఊపిరి అందడం లేదని వెళ్తే, మొదటి డాక్టరు నా బరువు చూసి, బీపీ చూసి అన్నమాట ఇది. స్టెతస్కోపు ఆయన మెడలోనే ఉంది. దాన్ని రొమ్ముటెముకకు కుడిపక్కన, రెండో మూడో పక్కటెముకల మధ్య ఆనించి ఉంటే, మెడదాకా పాకే గరగర చప్పుడు వినిపించేది. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే ద్వారం, అంటే అయోర్టిక్ వాల్వ్, ఇరుకైతే వచ్చే చప్పుడది.

మా చెల్లెలు పట్టుబట్టి ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించింది. బాగున్న వాల్వ్ 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1 కంటే తగ్గితే తీవ్రమైన ఇరుకు. నాది 0.7. రక్తం దూసుకెళ్ళే వేగం సెకనుకు 4 మీటర్లు, సగటు గ్రేడియెంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ ఒత్తిడిలో తేడా) 40 దాటితే తీవ్రం కింద లెక్క, నావి 4.6, 52.

ఆ "గట్టిగా నడవండి" అన్న సలహా మీద కోపం ఇంకా చల్లారలేదు. నడిచినప్పుడు కాళ్ళలో రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తం ఎక్కువ కావాలి. కానీ గుండె బయటి ద్వారం ఇరుకు కాబట్టి ఎంత తోసినా సరిపడా బయటకు రాదు. బీపీ పడిపోతుంది, మనిషి కుప్పకూలుతాడు. నడుస్తుండగా కళ్ళు తిరిగినా, గుండెలో పట్టేసినా, ఆయాసం వచ్చినా ముందు ఎకో, ఆ తర్వాతే వ్యాయామం. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర కూడా ఈ జబ్బులో డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు. అదీ బీపీని ఒక్కసారిగా దించేస్తుంది.

ఆయన మాటలో సగం నిజముంది. నన్ను ఎక్కువ బాధించింది కూడా అదే.

"కొవ్వు వాల్వ్‌కి పట్టేసిందా అమ్మా?" అని మా అబ్బాయి అడిగాడు. చాలామంది అలాగే అనుకుంటారు. వాల్వ్‌కు పట్టింది కొవ్వు కాదు, సున్నం, అంటే కాల్షియం. కొందరిలో అది అచ్చం ఎముకలాగే తయారవుతుంది. ఆ పని చేసేది వాల్వ్ రేకుల్లోని కణాలే. వాటికి తప్పుడు సందేశం అందితే ఎముక కట్టే కణాల్లా మారిపోతాయి. ఆ సందేశాలు పంపేవాటిలో ఒంట్లోని కొవ్వు కూడా ఒకటి. కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు, హార్మోన్లు వదిలే అవయవం. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం, కొవ్వు వదిలే లెప్టిన్ అనే హార్మోన్ జన్యువును పట్టుకున్నాక ఈ సంగతి గట్టిపడింది. కొవ్వు ఎంత పెరిగితే లెప్టిన్ అంత పెరుగుతుంది. "కడుపు నిండింది" అన్న దాని కబురు వినడం మెదడు మానేసినా, రక్తంలో అది తిరుగుతూనే ఉంటుంది. మనిషి వాల్వ్ నుంచి తీసిన కణాల మీద ప్రయోగశాలలో లెప్టిన్ పోస్తే, అవి ఎముక కణాల దారి పట్టాయి. పొట్ట కొవ్వు పెరిగేకొద్దీ తగ్గేది అడిపోనెక్టిన్, వాపును అణిచే హార్మోన్. అంటే హాని చేసేది పెరుగుతుంది, కాపాడేది తగ్గుతుంది.

డెన్మార్క్‌లో లక్ష మందికి పైగా పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనంలో, పుట్టుకతోనే బరువు పెంచే జన్యువులున్నవాళ్ళకి ఈ వాల్వ్ ఇరుకయ్యే ముప్పు ఎక్కువని తేలింది. కాబట్టి బరువుకీ దీనికీ సంబంధం ఉంది. కానీ ఒకసారి గడ్డకట్టిన సున్నాన్ని బరువు తగ్గడం కరిగించదు. కొలెస్ట్రాల్ మాత్రలూ కరిగించలేదు: 2005లో సాల్టైర్, 2008లో సీస్ అని రోగుల మీద చేసిన రెండు ప్రయోగాల్లోనూ అవి ఇరుకును నెమ్మదింపజేయలేకపోయాయి. ఎవరైనా లెప్టిన్ పరీక్ష చేయించుకోమంటే డబ్బు దాచుకోండి. ఆ అంకెను బట్టి ఏ వైద్యమూ మారదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఛాతీ తెరిచారు, జంతు కణజాలంతో చేసిన వాల్వ్ పెట్టారు, ట్యూబులు తీశారు. సర్జన్ గారికి రెండు చేతులూ జోడించాలి.

చెప్పాల్సింది మూడో రాత్రి సంగతి. నిద్రలో గుండె గట్టున పడ్డ చేపలా కొట్టుకోవడం మొదలెట్టింది. మానిటర్ మీద 140, 152, మళ్ళీ 128. కుట్లు విడిపోయి చచ్చిపోతున్నాననుకున్నాను, నోటికొచ్చిన దేవుణ్ణల్లా పిలిచాను. నర్సమ్మ వచ్చి చేయి పట్టుకుని, "ఏఎఫ్ అమ్మా ఇది, గుండె లయ తప్పడం. మీలాంటి ఆపరేషన్ అయినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి వస్తుంది, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపే ఎక్కువ. ఎవరూ చెప్పలేదా?" అంది. ఎవరూ చెప్పలేదు! అన్ని సంతకాలు తీసుకున్న ఆసుపత్రికి ఈ రెండు వాక్యాలు చెప్పే తీరిక లేకపోయింది. రక్తంలో పొటాషియం చూశారు, 4 కంటే తక్కువుంటే ఎక్కించారు. మెగ్నీషియం, తర్వాత లయ కుదిర్చే అమియోడరోన్ మందు డ్రిప్. తెల్లారేసరికి లయ కుదిరింది. ఆ నర్సమ్మను నా ప్రార్థనలో ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇప్పుడు బరువు తగ్గుతున్నాను, ఈసారి సరైన కారణానికి. ఈ రకం వాల్వ్‌కు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ సున్నం పడుతుంది. పొట్ట, షుగరు, బీపీ కలిసినవాళ్ళలో తొందరగా పాడవుతుందని ఆధారాలున్నాయి. ఆపరేషన్‌లో కోసిన రొమ్ముటెముక అతికేదాకా సుమారు మూడు నెలలు బరువులెత్తలేదు. మంచం మీంచి లేచేటప్పుడు చేతులతో తోయకుండా పక్కకు ఒరిగి లేచేదాన్ని. తర్వాత రిహాబ్‌లో, అంటే కోలుకునేవాళ్ళకి వ్యాయామం చేయించే చోట, వాళ్ళు చూస్తుండగానే నడక.

వాల్వ్ మార్చుకున్నవాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి. నోటి క్రిములు రక్తంలోకి చేరి కొత్త వాల్వ్‌ను పట్టకుండా, పన్ను తీయించుకునే ముందు అరగంట నుంచి గంట లోపు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు పడాలి. పెన్సిలిన్ పడనివాళ్ళకి వేరే మందు ఇస్తారు. కారణం తెలియని జ్వరం వస్తే ఇంట్లో యాంటీబయాటిక్ మింగకండి. ముందు బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి, రక్తం ఇవ్వాలి. ఒక్క డోసు పడ్డా క్రిమి కల్చర్‌లో దొరక్కపోవచ్చు, వాల్వ్ మీద మాత్రం తినేస్తూనే ఉంటుంది.